రికార్డు నిండింది, బొమ్మ ఎవరు గీశారు?

సంపాదకులు గారికి,

నమస్కారం. పోయిన వారం మీ ఉత్తరాల పేజీలో ఒక తండ్రి రాసిన ఉత్తరం చదివాను. లక్షలు పోసి లిబరల్ ఆర్ట్స్ (అంటే రకరకాల సబ్జెక్టులు కలిపి చదివే) కాలేజీలో చేర్పిస్తే అమ్మాయి ఎకనామిక్స్‌తో పాటు బొమ్మలు గీసే క్లాసు కూడా తీసుకుందని, దానికి క్రెడిట్లు కూడా ఇస్తున్నారని, ఇదేం చదువో తనకు అర్థం కావడం లేదని ఆయన బాధపడ్డారు. ఆయన బాధ నాకు తెలుసు. మా అన్నయ్య కూడా రెండేళ్ల క్రితం సరిగ్గా ఇదే మాట అన్నాడు, నేనూ పక్కన కూర్చుని తల ఊపాను. ఇప్పుడు ఊపను. ఎందుకు ఊపనో చెప్పడానికే ఈ ఉత్తరం. కాస్త పొడుగైతే మీరు కత్తిరించుకోండి, కానీ ల్యాబ్ రికార్డు సంగతి మాత్రం తీసెయ్యకండి.

నేను ముప్పై ఏళ్ల పైచిలుకు డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యాను. మా స్టాఫ్ రూము పక్కనే బోటనీ ల్యాబ్. రిటైరయ్యే ముందు ఏడాది, ఒక మధ్యాహ్నం అటుగా వెళ్తుంటే బీజడ్‌సీ (బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ) అమ్మాయి ఒకతి రెండు స్టూళ్ల మధ్య కిటికీ అద్దం పెట్టి, దాని కింద సెల్‌ఫోన్ టార్చి వేసి, అద్దం మీద సీనియర్ రికార్డు పేజీ, దాని మీద తన రికార్డు పేజీ పరిచి పెన్సిల్‌తో చకచకా దించేస్తోంది. ద్విదళబీజ కాండం అడ్డుకోత. ఆ స్లైడు మూడడుగుల దూరంలో మైక్రోస్కోపు కింద అలాగే ఉంది. "ఆ స్లైడు చూశావా అమ్మా?" అన్నాను. "చూశాను సార్. అందులో ఇలా లేదు" అంది. "మరి ఉన్నదే గియ్యొచ్చుగా?" అన్నాను. "ఉన్నది గీస్తే మార్కులు వెయ్యరు సార్" అంది. భయమూ లేదు, సిగ్గూ లేదు, ఉన్న మాట చెప్పింది.

నాకు కుతూహలం పుట్టి ఆ సీనియర్ రికార్డు ఎక్కడిదని వెనక్కి తవ్వుకుంటూ పోయాను (పనీ పాటా లేని రోజులు, రిటైర్మెంటుకి దగ్గర్లో అందరికీ ఉంటాయి). నాలుగు బ్యాచ్‌ల రికార్డులు దొరికాయి. నాలుగింటిలోనూ అదే బొమ్మ. ఒక చోట దవ్వ (కాండం నడిమి భాగం) అని రాసిన గీత పొరపాటున నాళికాపుంజం మీదికి పోయింది, అది నాలుగేళ్లూ అలాగే నాళికాపుంజం మీదికే పోయింది. నాలుగింటి మీదా సంతకాలు, తేదీలు, ఎర్ర ఇంకుతో టిక్కులు. బోటనీ వాళ్లను అని నేనేం బావుకుంటాను, మా ఫిజిక్స్ ల్యాబ్‌లో లఘులోలకం ప్రయోగంలో జీ (గురుత్వ త్వరణం) విలువ 980 రావాలి కాబట్టి 980 నుంచి వెనక్కి లెక్కవేసుకుని రీడింగులు రాసిన పిల్లలకు నేను చేసిన సంతకాలు ఎన్నో లెక్కలేదు. గ్రాఫు గీత ముందు గీసేసి, చుక్కలు తర్వాత పెట్టేవాళ్లు. చుక్కలన్నీ బుద్ధిగా గీత మీదే కూర్చునేవి. నిజం రీడింగులు అలా కూర్చోవు, చదువుకున్న ప్రతివాడికీ తెలుసు.

చెప్పొచ్చేదేమిటంటే, డిగ్రీలో బొమ్మలు గీయడం ఇప్పటికే ఉంది. బీజడ్‌సీ చదివే పిల్ల మూడేళ్లలో గీసే బొమ్మలు లెక్కపెడితే కొంతమంది చిత్రకారులు జీవితంలో గీసినన్ని ఉంటాయి. జాగ్రఫీ వాళ్లకు మ్యాపులు, మాకు కిరణ చిత్రాలు, ఇంజనీరింగ్ వాళ్లకైతే ఏకంగా డ్రాయింగ్ పేపరే ఉంది. లేనిదల్లా గీయడం నేర్పే మనిషి. ఎదురుగా ఉన్నదాన్ని చూసి, చూసింది కాగితం మీదికి ఎలా తీసుకురావాలో ఒక్కరూ ఒక్క గంట చెప్పలేదు. చెప్పకుండానే అడుగుతున్నాం, అడుగుతున్నాం కాబట్టి దించుతున్నారు. బజార్లో డబ్బులిస్తే రికార్డు రాసిపెట్టేవాళ్లు కూడా తయారయ్యారు, ఆ సంగతి తెలియని లెక్చరరు ఉండడు.

ఇక ఆ బొమ్మల క్లాసు సంగతి. మా అన్నయ్య కూతురు అమెరికాలో ఒక చిన్న లిబరల్ ఆర్ట్స్ కాలేజీలో బయాలజీ చదువుతోంది. వాళ్ల డిగ్రీలో మెయిన్ సబ్జెక్టుతో పాటు భాష, చరిత్ర, లెక్కలు, కళ, ఇలా అన్ని వైపుల నుంచీ కొన్ని క్లాసులు తీసుకోవాలి. కళ వైపు నుంచి మా అమ్మాయి డ్రాయింగ్ తీసుకుంది. ఇందులో ఇంకేదైనా చదవాల్సింది ఉందేమో, కళల చరిత్రో సిద్ధాంతమో అనుకున్నాం. లేదు. స్టూడియో అంటే స్టూడియోనే. వారానికి రెండు క్లాసులు, ఒక్కోటీ మూడు గంటలకు కాస్త తక్కువ, అది కాక ఇంటి దగ్గర గీయాల్సినవి. చేతులకు బొగ్గు మసి, ఎప్రాన్లు, గోడ నిండా కాగితాలు. చిత్రకారులయ్యేవాళ్లకు వేరే డిగ్రీ ఉంది, బీఎఫ్‌ఏ, అందులో చదువులో దాదాపు మూడింట రెండు వంతులు స్టూడియో పనే. ఈ క్లాసు వాళ్లకోసం కాదు. డాక్టరు, లాయరు, బ్యాంకు ఉద్యోగి అయ్యేవాళ్లకోసం.

మొదటి సెమిస్టర్‌లో మా అమ్మాయికి ఆ క్లాసులో సి గ్రేడు వచ్చింది. పదో తరగతి నుంచీ ఏ ప్లస్ తప్ప మరోటి ఎరగని పిల్ల, ఫోన్లో ఏడ్చింది. అన్నయ్య "నేను చెప్పలా" అన్నాడు. సెలవులకు వచ్చినప్పుడు మా ఇంట్లో పది రోజులుంది. ఒక రోజు పొద్దున వంటింట్లో మా అమ్మ కాలం నాటి మరచెంబు ముందు స్టూలు వేసుకుని కూర్చుంది. కాఫీ తాగి బజారుకు వెళ్లి వచ్చాను, ఇంకా అక్కడే ఉంది. భోజనాల వేళకి మా ఆవిడ విసుక్కుంది, గ్యాసు స్టవ్వుకి అడ్డమని. ఆ చెంబును నేను అరవై ఏళ్లుగా చూస్తున్నాను. బొమ్మలో చూస్తే దాని మెడ ఒక పక్కకు కొంచెం నొక్కుకుపోయి ఉంది. "ఇదేంటమ్మా, వంకరగా గీశావ్?" అన్నాను. "వంకర గీయలేదు బాబాయ్, చెంబే వంకర" అంది. తీసి తిప్పి చూస్తే నిజమే, ఎప్పుడో కింద పడి సొట్ట పోయింది. అరవై ఏళ్లలో నాకు కనపడలేదు.

ఆ సాయంత్రం నాకే క్లాసు పెట్టింది. ఎడమ చెయ్యి బల్ల మీద పెట్టుకో, చేతినే చూస్తూ కుడిచేత్తో గియ్యి, కాగితం వంక మాత్రం చూడకు అంది. "చూడకు బాబాయ్, చూడకు, చూశావ్!" అని ఒకటే అరుపు. కంటి చూపు ఎంత మెల్లగా అంచు వెంట కదిలితే పెన్సిలూ అంత మెల్లగా కదలాలట. అయ్యాక చూస్తే నా వేళ్లు బెండకాయల్లా వచ్చాయి, బొటనవేలు ఎక్కడో మణికట్టు కింద మొలిచింది. కానీ చూపుడువేలి గణుపు మీద ముడతలు మాత్రం, నేనెన్నడూ గీయలేనంత బాగా, అచ్చం ముడతల్లాగే వచ్చాయి. తర్వాత వరండాలో ప్లాస్టిక్ కుర్చీ చూపించింది. కుర్చీ గియ్యొద్దు, కుర్చీ కాళ్ల మధ్య కనపడే ఖాళీలు గియ్యి అంది. ఖాళీల్ని గియ్యడమేంటి అనుకుంటూనే గీశాను. మూడు ఖాళీలు గీసేసరికి కుర్చీ దానంతటదే వచ్చి నిలబడింది. అంతకు ముందు నేరుగా గీసిన కుర్చీ నాలుగు కాళ్లూ ఒకే పొడవుతో, చిన్నపిల్లలు గీసినట్టు ఉంది. ఎందుకంటే కుర్చీకి నాలుగు కాళ్లూ సమానమని నాకు తెలుసు, తెలిసింది గీశాను. ఖాళీ గురించి నాకు ముందే తెలిసిందేమీ లేదు, అందుకని చూడాల్సి వచ్చింది.

బోటనీ ల్యాబ్‌లో అమ్మాయి "అందులో ఇలా లేదు సార్" అన్న మాట నాకు అప్పుడు మళ్లీ గుర్తొచ్చింది.

ఇందులో సైన్సు ఏముందని అడిగేవాళ్లకు మా సబ్జెక్టులోంచే ఒకటి చెబుతాను. 1609 జూలైలో ఇంగ్లండులో థామస్ హారియట్ అనే గణిత శాస్త్రవేత్త దుర్భిణితో చంద్రుణ్ణి చూసి బొమ్మ గీశాడు. గెలీలియో కంటే నాలుగైదు నెలలు ముందు. ఆయన గీసింది ఒక గరుకు గీత, అక్కడక్కడా మచ్చలు, అంతే. ఆ ఏడాది చివర్లో గెలీలియో చూసి, వెలుగు చీకట్ల సరిహద్దు దగ్గర ఉన్న చుక్కలు కొండ శిఖరాలని, వాటి పక్క నలుపు నీడలని పట్టుకున్నాడు, నీటిరంగులతో బొమ్మలు వేశాడు. చీకటి వైపు వెలిగే శిఖరం ఆ సరిహద్దుకు ఎంత దూరంలో ఉందో చూసి కొండల ఎత్తు కూడా లెక్కకట్టాడు. గెలీలియో దుర్భిణి మెరుగైనదే, ఆ మాట దాచను. కానీ ఆయనకు డ్రాయింగ్ వచ్చు, ఫ్లోరెన్సు నగరంలో చిత్రకారుల మధ్య తిరిగినవాడు, గుండ్రటి వస్తువు మీద వెలుతురు పక్క నుంచి పడితే గుంట ఎలా ఉంటుందో, బొడిపె ఎలా ఉంటుందో ఆ చేతికి అలవాటే. గెలీలియో పుస్తకం 1610లో వచ్చాక హారియట్ మళ్లీ గీసిన చంద్రుడిలో గుంటలు కనపడ్డాయి! ఈ కథ నేను ముప్పై ఏళ్లలో ఒక్కసారి కూడా క్లాసులో చెప్పలేదు, సిలబస్‌లో లేదు కాబట్టి. నాడీకణాల బొమ్మలకు పేరుపొంది 1906లో నోబెల్ పంచుకున్న కహాల్ కుర్రతనంలో చిత్రకారుడు అవుదామనుకుంటే తండ్రి పడనివ్వలేదు, ఆ తండ్రి కూడా మీకు ఉత్తరం రాసేవాడేమో.

అమెరికావాళ్ల మాటలు మనకెందుకు అనే పెద్దమనుషులు ఉంటారు. సరే, మా ఊరి మాటే చెప్పుకుందాం. మనకు ఊరికో ఆర్ట్స్ కాలేజీ ఉంది. ఆర్ట్స్ కాలేజీలో లేనిదేదైనా ఉందంటే అది ఆర్టే. ఆర్ట్స్ గ్రూపు అంటే హెచ్ఈసీ, సీఈసీ అని, ఎంపీసీ సీటు రానివాళ్లు చేరేదని లోకం లెక్క. కానీ రాజమండ్రి గవర్నమెంట్ ఆర్ట్స్ కాలేజీలో ఒకప్పుడు నిజంగానే ఆర్టు ఉండేది. వందేళ్లకు పూర్వం అక్కడ ఆస్వాల్డ్ కూల్డ్రే అనే ఇంగ్లీషాయన ప్రిన్సిపాల్. ఇంగ్లీషు చెప్పేవాడు, స్వయంగా బొమ్మలు వేసేవాడు, కుర్రాళ్లను వెంటేసుకుని గోదావరి గట్టున తిరిగేవాడు, బొమ్మలు వేయించేవాడు. టైంటేబుల్‌లో ఆ పీరియడ్ లేదు, ఆయనే ఆ పీరియడ్. ఆ కుర్రాళ్లలో ఒకడు దామెర్ల రామారావు. ఆ అబ్బాయి చేతిలో ఏముందో చూసి బొంబాయి జేజే స్కూల్ ఆఫ్ ఆర్ట్‌కి వెళ్లమని ప్రోత్సహించింది ఆయనే. రామారావు తిరిగొచ్చి రాజమండ్రిలో చిత్రకళాశాల పెట్టి, 1925లో మశూచికంతో పోయాడు, ఇరవై ఎనిమిదేళ్లయినా నిండలేదు. ఆయన బొమ్మలు ఇప్పటికీ మా ఊళ్లో ఆయన పేరిటి గ్యాలరీలో ఉన్నాయి. వెళ్లి చూడండి, నేను వెళ్లిన రోజున ఉన్నది నేనూ, వాచ్‌మనూ, ఫ్యానూ.

కానీ నాకు రామారావు కంటే ఇక్కడ అడివి బాపిరాజు ముఖ్యం. ఆయనా కూల్డ్రే శిష్యుడే. రామారావు ఎలాగూ చిత్రకారుడయ్యేవాడే. బాపిరాజు మాత్రం లా చదివాడు, స్వాతంత్ర్య ఉద్యమంలో జైలుకెళ్లాడు, కవిత్వం రాశాడు, నవలలు రాశాడు, బందరు జాతీయ కళాశాల ప్రిన్సిపాల్‌గా చేశాడు, హైదరాబాదులో మీజాన్ పత్రిక నడిపాడు, సినిమాలకు కళాదర్శకత్వం చేశాడు, వీటన్నిటి మధ్యా బొమ్మలు వేస్తూనే ఉన్నాడు. లిబరల్ ఆర్ట్స్ ఇదేం చదువని ఆ తండ్రిగారు అన్నారు కదా, నాకు తెలిసిన తెలుగు సమాధానం బాపిరాజే. బందరు జాతీయ కళాశాల అన్నాను కదా, 1910లో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, పట్టాభి సీతారామయ్య కలిసి పెట్టింది. పుస్తకాల చదువుతో పాటు చేతిపని, చిత్రలేఖనం ఉండాలని వాళ్లు అప్పుడే అనుకున్నారు. ప్రమోద కుమార్ ఛటర్జీని బెంగాల్ నుంచి రప్పించి బొమ్మలు నేర్పించారు. 1919లో శాంతినికేతన్‌లో కళాభవన్ మొదలైంది. అమెరికాలో ఈ సంగతికి పెద్ద పేరు తెచ్చిన బ్లాక్ మౌంటెన్ కాలేజీ 1933లో గానీ పుట్టలేదు. అంటే మనం ఎవరినో కాపీ కొడుతున్నామన్న బెంగ అక్కర్లేదు, ఆ కాలేజీ కంటే ముందే మొదలుపెట్టి మధ్యలో మానేశాం.

బ్లాక్ మౌంటెన్ పేరు ఎత్తాను కాబట్టి రెండు ముక్కలు. నార్త్ కరోలైనా కొండల్లో చిన్న కాలేజీ, 1957లో మూతపడింది కూడా. జర్మనీలో బౌహౌస్ స్కూలును నాజీల ఒత్తిడితో మూసేశాక, అక్కడి మాస్టారు జోసెఫ్ ఆల్బర్స్ భార్య ఆనీతో సహా ఇక్కడికి వచ్చాడు. వచ్చిన కొత్తలో ఇంగ్లీషు సరిగ్గా రాదు. పిల్లల కళ్లు తెరిపించడమే తన పని అనేవాడు. ఆయన రంగుల పాఠం ఒకటుంది, మా అమ్మాయి కూడా చేసి చూపించింది. ఒకే రంగు కాగితం ముక్కలు రెండు తీసుకుని, రెండు వేరు వేరు రంగుల మీద పెట్టి, ఆ రెండు ముక్కలూ వేరు రంగులని చూసేవాళ్లు నమ్మేలా చెయ్యాలి. రంగు కాగితాలు లేక మా ఆవిడ బ్లౌజు పీసులతో చేసింది. ఒకటే కాషాయం గుడ్డ, ఎర్రటి పట్టు మీద వెలిసిపోయిన పసుపులా ఉంది, బూడిదరంగు మీద భగ్గుమంటోంది. మా ఆవిడ పెద్దగా ఆశ్చర్యపోలేదు. "మ్యాచింగ్ సెంటర్‌లో కుర్రాడు చీర పట్టుకుని బయట ఎండలోకి ఎందుకు వెళ్తాడనుకున్నారు?" అంది. ఆప్టిక్స్ చెప్పినవాణ్ణి నేను.

ఆ కాలేజీలోనే 1948 ఎండాకాలంలో బక్‌మిన్‌స్టర్ ఫుల్లర్ అనే డిజైనరు పిల్లలతో కలిసి పల్చటి పట్టీలతో పెద్ద గుమ్మటం కట్టబోయాడు. అది లేవలేదు. నేల మీదే చతికిలబడింది. దానికి వెల్లకిలా పడుకున్న గుమ్మటమని పేరు పడింది. మరుసటి ఏడాది వేరే సామగ్రితో కట్టి నిలబెట్టాడు. నాకు ఇది చాలా నచ్చింది. మన ల్యాబుల్లో మొదటిసారే 980 వస్తుంది.

మా అమ్మాయి డ్రాయింగ్ క్లాసు సంగతుల్లో నాకు అన్నిటికంటే వింతగా అనిపించింది క్రిటిక్ అనే కార్యక్రమం. అందరూ గీసినవి గోడకు గుచ్చుతారు. గీసినవాళ్లు ముందు నోరెత్తకూడదు. మిగతావాళ్లు ఏం కనపడుతోందో చెప్పాలి. బాగుంది, బాగాలేదు అనడం అక్కడ లెక్కలోకి రాదు. ఎడమ పక్క బరువుగా ఉంది, కన్ను మొదట ఈ మూలకు పోతోంది, ఈ నీడ ఎటు నుంచి పడిందో తెలియడం లేదు, ఇలా చెప్పాలి. మా అమ్మాయికి సి రావడానికి కారణం బొమ్మలు బాగాలేకపోవడం కాదట. పక్కవాళ్ల పని గురించి అందరికీ "చాలా బాగుంది" అని చెప్పి కూర్చుందట, తన పనిని కూడా ఒకసారి వేశాక మళ్లీ ముట్టుకోలేదట. మన పిల్ల కదా. మనకు ఇంట్లో, బళ్లో, ఫేస్‌బుక్‌లో సూపర్ అనడం తప్ప ఏం నేర్పాం? రెండో సెమిస్టర్‌లో ఒకే వంకాయను పదిహేనుసార్లు గీసింది. బి ప్లస్ వచ్చింది. ఈసారి ఏడవలేదు, అన్నయ్య మాత్రం "వంకాయకా?" అన్నాడు.

అవును, ఇక్కడే అసలు ప్రశ్న వస్తుంది, దీనికి మార్కులు ఎలా వేస్తారు, ఎవరికి టాలెంటు ఉంటే వాళ్లకే వస్తాయి కదా అని. టాలెంటు సంగతి లెక్కలకూ ఉంది, అయినా అందరికీ లెక్కలు చెబుతున్నాం. మొదటి వారం గీసింది, ఆఖరి వారం గీసింది పక్కపక్కన పెడితే ఎంత దూరం వచ్చాడో గుడ్డివాడికి కూడా తెలుస్తుంది. రెండోది ఉద్యోగాలు. బొమ్మలు గీస్తే ఉద్యోగం వస్తుందని నేను చెప్పను, అబద్ధం ఎందుకు. కానీ బీజడ్‌సీ చదివితే వస్తోందా? ఏల్ యూనివర్సిటీలో మెడికల్ విద్యార్థులను మ్యూజియానికి తీసుకెళ్లి పాత పెయింటింగుల ముందు నిలబెట్టి కనపడింది కనపడినట్టు చెప్పించేవారు, చర్మ రోగాల డాక్టరొకాయన మొదలుపెట్టాడు. ఆ తర్వాత రోగుల ఫొటోలు చూసి వివరాలు చెప్పడంలో వాళ్లు మెరుగయ్యారని 2001లో వైద్య పత్రికలో వేశారు కూడా. నాకు మాత్రం అంత దూరం అక్కర్లేదు. స్లైడులో ఉన్నది గీసే పిల్ల ఒకతి దొరికితే చాలు.

ఇక పాలసీ మాట. 2020 జాతీయ విద్యా విధానం బాణభట్టుణ్ణి తలుచుకుంది, అరవై నాలుగు కళలు తెలియడమే మంచి చదువని ఆయన కాదంబరిలో ఉందని, ఆ అరవై నాలుగింట్లో పాట, చిత్రలేఖనంతో పాటు రసాయనం, గణితం కూడా ఉన్నాయని చక్కగా రాసింది. చదివి సంతోషించాను. సంతోషిస్తూనే భయపడ్డాను కూడా, ఎందుకంటే ఇలాంటివి మన కాలేజీ దాకా వచ్చేసరికి ఏమవుతాయో తెలుసు. నేను పనిచేసిన చోట ఒక స్కిల్ పేపరు వచ్చింది. చెప్పేవాళ్లు లేరు కాబట్టి వర్క్‌లోడ్ తక్కువ ఉన్న డిపార్ట్‌మెంటుకి అంటగట్టారు, వాళ్లు బజార్లో ఆల్ ఇన్ వన్ గైడు కొని నోట్సు చెప్పారు, పరీక్ష బిట్లు. రేపు డ్రాయింగ్ పేపరు పెట్టినా అంతే, "బొగ్గు డ్రాయింగు ఉపయోగాలు నాలుగు రాయండి" అని ప్రశ్న వస్తుంది, పిల్లలు నాలుగు రాసి పదికి తొమ్మిది తెచ్చుకుంటారు, చేతికి మసి అంటదు. అలాగైతే పెట్టకపోవడమే మేలు.

పెడితే ఎలా పెట్టాలి? నాకు తోచింది చెబుతాను. థియరీ వద్దు. వారానికి రెండుసార్లు, ఒక్కోటి కనీసం రెండున్నర గంటలు, మధ్యలో బెల్లు కొట్టకూడదు. యాభై నిమిషాల పీరియడ్‌లో పెన్సిల్ చెక్కుకుని కూర్చునేసరికి అయిపోతుంది. గదికి ఇరవై మంది మించకూడదు. చెప్పడానికి మనుషులు లేరనకండి, హైదరాబాదులో, విశాఖలో ఫైన్ ఆర్ట్స్ చదివి వచ్చినవాళ్లు ఫ్లెక్సీ డిజైన్లు చేసుకుంటూ బతుకుతున్నారు. డ్రాయింగ్ లోయర్, హయ్యర్ పరీక్షలు పాసై, హైస్కూల్లో డ్రాయింగు మాస్టారు పోస్టు కోసం ఎదురుచూసి చూసి వయసు దాటిపోయినవాళ్లు ఉన్నారు (ఆ పోస్టు ఉన్న చోట కూడా డ్రాయింగ్ పీరియడ్ లెక్కల మాస్టారు తీసేసుకుంటాడు, నేనూ చిన్నప్పుడు ఆ పీరియడ్‌లో గుణకారాలే చేశాను). శ్రీకాళహస్తి నుంచి కలంకారీ ఆయన్ని ఒకర్ని ఒక నెల పిలిపించినా చాలు, కెమిస్ట్రీ వాళ్లు కూడా వచ్చి కూర్చోవాలి. బట్టను కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో ముంచి ఆరేస్తారు, ఆ పాల వల్లే రంగు పాకదు. పాత ఇనుప ముక్కలు, బెల్లం కలిపి రోజుల తరబడి ఊరబెట్టిన నీళ్లలో వెదురు కలం ముంచి గీస్తే, కరక్కాయలో ఉన్న టానిన్‌కి ఇనుము తగిలి కళ్లముందే నల్లబడుతుంది. పటిక నీళ్లతో గీసిన చోటే ఎర్రరంగు పట్టుకుంటుంది, గీయని చోట కడిగితే పోతుంది. ఈ ఒక్క పని చేతులారా చేసినవాడికి మార్డెంట్ (బట్టకు రంగు పట్టించే పదార్థం) అంటే ఏమిటో మళ్లీ చెప్పక్కర్లేదు. మా కాలేజీలో ఆ పదానికి రెండు మార్కుల నిర్వచనం మాత్రం ఉండేది.

ఖర్చా? ఇరవై ప్లైవుడ్ పలకలు, ఇరవై క్లిప్పులు, బొగ్గు, బంకమట్టిలా మెత్తగా పిసికే రబ్బరు, ఒక కుళాయి. బొగ్గు ఇంట్లోనే కాల్చుకోవచ్చు, సన్న పుల్లలు డబ్బాలో పెట్టి మూత బిగించి కాలిస్తే అదే. కాగితం సంగతి మీ చేతుల్లోనే ఉంది, మీ ప్రెస్సులో న్యూస్‌ప్రింట్ రీళ్ల చివర మిగిలే చుట్టలు ఏం చేస్తారో నాకు తెలియదు గానీ, ఊళ్లో ఒక్క కాలేజీకి ఇచ్చినా ఏడాదికి సరిపోతాయి. ఈ మాట కత్తిరించరని ఆశ. ఓహయోలో ఓబర్లిన్ అనే లిబరల్ ఆర్ట్స్ కాలేజీ 1940 నుంచీ తమ మ్యూజియంలోని అసలు బొమ్మల్ని, పికాసోలతో సహా, కొద్ది డాలర్ల అద్దెకి పిల్లలకు ఇస్తుందట, హాస్టల్ గదిలో సెమిస్టరంతా తగిలించుకోమని. వాటికోసం రాత్రే వచ్చి క్యూలో పడుకుంటారట. మనం అంతవరకూ వెళ్లక్కర్లేదు. దామెర్ల గ్యాలరీకి ఫస్టియర్ పిల్లల్ని నడిపించి తీసుకెళ్లి, ఒక్క బొమ్మ ముందు అరగంట కూర్చోబెట్టి, దాన్ని చూసి గీయమంటే చాలు. సెల్ఫీ తీసుకుని వచ్చేయకుండా ఫోన్లు వాచ్‌మన్‌కి ఇచ్చేయాలి. ఆయనకూ కాస్త పని.

ఆ తండ్రిగారికి ఒక మాట. మీ అమ్మాయి గీసినవి పంపమని అడగండి. మొదటివీ ఆఖరివీ రెండూ. బాగున్నాయనకండి, ఏం కనపడుతోందో చెప్పండి. కష్టంగానే ఉంటుంది, నాకూ అన్నయ్యకీ ఒక సాయంత్రమంతా పట్టింది, చివరికి అన్నయ్య ఆ వంకాయ పదకొండో బొమ్మలో ముచిక పట్టుకుని ఎవరో ఎత్తబోతున్నట్టుందని అన్నాడు, మా అమ్మాయి ఫోన్లో కాసేపు మాట్లాడలేదు, తర్వాత "అది క్లాసులో ఎవరూ చూడలేదు నాన్నా" అంది.

నేను పనిచేసిన కాలేజీలో మేడ మీద పాత టైపు రూము ఒకటుంది. మిషన్లు ఎప్పుడో స్క్రాపుకి వెళ్లిపోయాయి. ఉత్తరం వైపు నాలుగు పెద్ద కిటికీలు, ఎండ లోపలికి పడదు, వెలుతురు మాత్రం పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఒకేలా ఉంటుంది, బయట వరండాలో కుళాయి కూడా ఉంది. ఇప్పుడు అందులో పాత రికార్డులు పోసి తాళం వేశారు. తాళంచెవి ఆఫీసులో సూపరింటెండెంటు గారి బల్ల కుడివైపు సొరుగులో ఉంటుంది, పోయిన నెల వెళ్లినప్పుడు కూడా అక్కడే ఉంది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఫిజిక్స్ లెక్చరర్,
రాజమహేంద్రవరం